వుహాన్‌లో అత్తారింటి వేసవి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆవిడది వుహాన్. మేముండేది న్యూజెర్సీలో. పాపకి బడి సెలవులివ్వగానే జూన్ ఆఖర్లో బయల్దేరి, ఆగస్టు మూడో వారం దాకా మా అత్తయ్యగారింట్లోనే మకాం. ఇది నాలుగో వేసవి. చైనాలో చుట్టరికం కలిసినవాళ్లు, కలవబోయేవాళ్లు, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇలా రాసిపెట్టాను. చూడాల్సిన ప్రదేశాల జాబితా ఇందులో ఉండదు. ఇంట్లో మనుషులతో రోజు ఎలా గడుస్తుందన్నదే ఉంటుంది.

వుహాన్ అంటే ఆ వుహానేనా?

ఆ వుహానే. 2020 జనవరి 23 నుంచి ఏప్రిల్ 8 దాకా, 76 రోజులు కోవిడ్ వల్ల ఊరు మూసేశారు. మా అత్తమామలు ఆ రోజులన్నీ ఏడో అంతస్తులోని ఇంట్లోనే గడిపారు. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి, మీరు కదపకండి. మామయ్యగారు నాతో ఒక్కసారే చెప్పారు. బాల్కనీ కుండీల్లో వెల్లుల్లి రెబ్బలు గుచ్చి, మొలిచిన ఆకు కోసుకుని కూరల్లో వేసుకునేవారట. అంతే చెప్పి టీ పోసుకున్నారు.

ఊరి సంగతికొస్తే, హైదరాబాద్, సికింద్రాబాద్ కలిసిపోయినట్టు ఉచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అనే మూడు ఊళ్లు కలిసి వుహాన్ అయింది. హాన్ నది వచ్చి యాంగ్‌ట్సీలో కలిసేది ఇక్కడే.

వీసా ఏది తీసుకోవాలి?

మీ చుట్టాలు చైనా పౌరులైతే క్యూ2. అక్కడ ఉద్యోగమో చదువో చేస్తున్న మన తెలుగువాళ్లయితే ఎస్2. చాలామంది ఈ రెంటినీ కలిపేసి గందరగోళపడతారు. క్యూ2కి అక్కడివాళ్లు రాసిన ఆహ్వాన పత్రం, వాళ్ల గుర్తింపు కార్డు కాపీ, చుట్టరికానికి రుజువు అడుగుతారు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. హోటల్లో కాకుండా ఇంట్లో దిగితే 24 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. హోటల్లో ఆ పని వాళ్లే చూస్తారు, ఇంట్లో మనమే చూసుకోవాలి. మామయ్యగారు నన్ను విమానం దిగిన మర్నాడు పొద్దున్నే, కళ్లు కూడా తెరుచుకోకముందే లాక్కెళ్తారు. పాస్‌పోర్టులు, ఆయన ఇంటి కాగితాలు, ఒక ప్లాస్టిక్ ఫైలు, ఫైల్లో ప్రతి కాగితానికీ మూడేసి జిరాక్సులు. మా నాన్న రెవెన్యూ ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఇదే ఫైలు పట్టుకెళ్లేవాడు, రంగు మాత్రమే తేడా.

ఎండలు ఎలా ఉంటాయి? మనకి అలవాటే కదా?

అలవాటే అనుకుని వెళ్లే నేను దెబ్బతిన్నాను. వుహాన్, నాన్‌జింగ్, చోంగ్‌చింగ్ ఊళ్లను చైనాలో కొలుములు అంటారు. మనకి రోహిణి కార్తె ఉన్నట్టు వాళ్లకి సాన్‌ఫు ఉంది. జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్యో ఆఖరో దాకా, ఏడాదిని బట్టి 30 రోజులో 40 రోజులో ఉంటుంది. అదీ పంచాంగం లెక్కే. రోహిణిలో రోళ్లు పగులుతాయని మనమంటాం. ఇక్కడ రోలు పగలదు, బూజు పడుతుంది. నదులు, చెరువులు చుట్టూ ఉండటంతో గాలి తడిబట్టలా మీద పడుతుంది. గుంటూరులో 43 డిగ్రీలు తట్టుకున్న నేను ఇక్కడ 37కే చేతులెత్తేశాను.

దానికి ముందు, జూన్ రెండో సగంలో వాన ముసురు ఉంటుంది. వాళ్లు రేగుపళ్లలాంటి ఒక కాయ పండే కాలం పేరు పెట్టి దాన్ని పిలుస్తారు. ఆ రోజుల్లో తోలు బెల్టు బీరువాలో పెట్టారో, వారానికి తెల్లగా బూజు.

ఏసీ ఉంటుంది. రిమోట్ మాత్రం అత్తయ్యగారి దగ్గరుంటుంది. 26 కంటే కిందికి దిగదు, గాలి మనిషి మీద పడకూడదు, పాప పడుకోగానే ఆపెయ్యాలి. మొదటి ఏడు నేను అర్ధరాత్రి దొంగలా లేచి 22 పెట్టాను. తెల్లారి పాపకి ఒక్క తుమ్ము వచ్చింది. ఆ తుమ్ము పేరు ఇప్పటికీ ఎత్తుతారు.

ఏసీలు రాకముందు సాయంత్రానికి వీధులన్నీ నీళ్లు చల్లి, వెదురు మంచాలు వాల్చుకుని ఊరు ఊరంతా బయటే పడుకునేదట. ఆ మాట చెప్పేటప్పుడు మామయ్యగారి మొహం చూడాలి. మా తాతయ్య డాబా మీద పక్కల గురించి చెప్పినప్పటి మొహమే అది.

పొద్దున్న ఏం తింటారు?

ఇంట్లో తినరు. వుహాన్‌వాళ్లకి టిఫిన్ చేయడానికి వాళ్ల సొంత మాట ఉంది, గ్వొజావ్. పొద్దున్న దాటడం అని అర్థం. అందరూ బయటికి నడుస్తారు. ఎక్కువగా తినేది రగాన్‌మియెన్. ముందే ఉడికించి నూనె పట్టించిన నూడిల్స్‌ని వేడినీళ్లలో ముంచి తీసి, నువ్వుల ముద్ద, సోయా సాస్, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు వేసి ఇస్తారు. పులుసు ఉండదు. ముద్ద ఆరకముందే కలపాలి. నిలబడి కలుపుకుంటూ, నడుస్తూ తింటూ బస్సెక్కేవాళ్లని చూసి నేను నేర్చుకోబోయి చొక్కా పాడుచేసుకున్నాను. మన నువ్వుల పొడి రుచి తెలిసిన నాలుకకి మొదటి ముద్దలోనే నచ్చుతుంది. కాస్త కారం తగిలించుకుంటే మరీను.

శాకాహారులు బతకగలరా?

మా అమ్మ రెండేళ్ల కిందట మాతో వచ్చి మూడు వారాలు ఉంది. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి. బతికింది, ఒక కిలో పెరిగింది కూడా. కానీ హోటళ్లలో కాదు, ఇంట్లో.

చిక్కంతా కనిపించే మాంసంతో కాదు, కనిపించనిదానితో. ఆకుకూర వేపుడు అంటారు, పందికొవ్వుతో వేపుతారు. తామరదుంపల పులుసు అంటారు, దాని ఆధారమే పంది ఎముకలు. కూరలో చివర్న చల్లే పొడి కోడి సారం. అందుకే "మాంసం వద్దు" అనకండి, మాంసం ముక్కలు తీసేసి అదే పెడతారు. "వో ఛ్ర్ సూ" అనండి, నేను శాకాహారం తింటాను అని. బౌద్ధుల పద్ధతి వాళ్లకి తెలుసు కాబట్టి వెంటనే అర్థమవుతుంది. అప్పుడు వచ్చే చిక్కు వేరు. ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు.

ఇక ఇంట్లో సంగతి. అమ్మని మొదటిరోజు అత్తయ్యగారు కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్లారు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. నేను వెనకాల సంచి పట్టుకుని నడుస్తున్నాను. అమ్మ ఒక కొట్టు ముందు ఆగిపోయింది. "ఒరేయ్, తోటకూర రా!" ఎర్ర తోటకూర, వేళ్లతో సహా కట్టలు. పక్కన తూటికూర. అటుపక్క కాకరకాయ, నేతిబీర, బూడిద గుమ్మడి, చేతులంత పొడుగు బొబ్బర కాయలు. తామరదుంపకి ముందు పుట్టే లేత తెల్లటి కాడలు మాత్రం అమ్మ ఎరగదు. అవి వేసవిలో, వుహాన్ ఉన్న హుబెయ్ రాష్ట్రంలో బాగా దొరుకుతాయి. అత్తయ్యగారు ఒకటి విరిచి అమ్మ నోటికిచ్చారు, పచ్చిదే. అమ్మ నమిలి తలూపింది. ఆ తర్వాత నేను అక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం ఎర్ర తోటకూరని దంచిన వెల్లుల్లితో వేపి పెట్టారు, వేరే బాణలిలో, వేరుశనగ నూనెతో. రసం అన్నంలోకి దిగి అన్నం గులాబీ రంగైంది. పాప రోజూ అదే అడిగేది.

నా సంగతి అడిగితే, శనివారాలు తప్ప అన్నీ తింటాను. ఎందుకు శనివారం అని అత్తయ్యగారు అడిగితే వేంకటేశ్వరస్వామి గురించి నాకొచ్చిన చైనీస్‌లో చెప్పాను. ఏం అర్థమైందో కానీ, ఇప్పుడు శుక్రవారం రాత్రే టోఫు కొని తెచ్చిపెడతారు. పక్కింటివాళ్లకి కూడా ఆవిడే వివరిస్తారు.

మన వంట వాళ్ల వంటింట్లో చేసుకోవచ్చా?

అడిగి చేసుకోండి. పోపు వాసనకి కంగారుపడరు, వాళ్ల మిరపకాయల వేపుడుకి మన పోపు ఏపాటి! కంగారంతా ఆవాలు చిటపటలాడి పొయ్యి చుట్టూ పడటం గురించే. పప్పులు, పసుపు, మసాలా పొడులు అక్కడి ఆన్‌లైన్ కొట్లలో దొరుకుతాయి. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పళ్లు, పాల పదార్థాలు సామాన్లో పెట్టుకోకండి, కస్టమ్స్‌వాళ్లు అనుమతించరు. దొరికే పెరుగు చాలావరకు తియ్యటిది. తోడు పెట్టుకోవాలంటే చక్కెర లేని రకం వెతికి పట్టుకోవాలి. మేం పట్టుకున్నాం. పెరుగన్నం చూసి మామయ్యగారు అన్నమాట మా ఆవిడ ఇప్పటికీ అనువదించలేదు.

అత్తామామల్ని, మిగతావాళ్లని ఏమని పిలవాలి?

ఇంగ్లీషువాళ్లకి ఇక్కడ తల తిరుగుతుంది, మనకి ఇల్లు చేరినట్టుంటుంది. నాన్నకి అన్నయితే ఒక పిలుపు, తమ్ముడైతే ఇంకో పిలుపు, పెదనాన్న, బాబాయ్ లాగే. అమ్మ అన్నదమ్ములు జ్యౌజ్యౌ, అంటే మేనమామ. నాన్న అక్కచెల్లెళ్లు గూగూ, మేనత్త. అమ్మమ్మకీ నానమ్మకీ వేర్వేరు పిలుపులు. వుహాన్ యాసలో అమ్మమ్మని గాగా అంటారు. టీవీల్లో వినే చైనీస్‌లో ఈ మాట ఉండదు. మా పాప ఎవరో బీజింగ్ అమ్మాయితో "మా గాగా" అంటే ఆ పిల్లకి అర్థం కాలేదు.

ఇంగ్లీషులో లేని వియ్యపురాలు అనే మాట కూడా ఉంది, చింగ్‌జ్యామూ. అత్తయ్యగారు మా అమ్మని అలాగే పిలిచారు. నేను అర్థం చెప్పగానే అమ్మ కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది.

తేడా వచ్చేది బావల దగ్గర. మనకి పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు, మేనమామ పిల్లలు బావమరదళ్లు. వాళ్లు నాన్నవైపు అన్నదమ్ముల పిల్లల్ని ఒక మాటతో, మిగిలినవాళ్లందరినీ ఇంకో మాటతో పిలుస్తారు. అంతవరకే. మేనరికం చట్టప్రకారం నిషిద్ధం. మా ఊళ్లో మేనబావని చేసుకున్న పిన్ని గురించి భోజనాల దగ్గర సరదాగా చెప్పబోయాను. చాప్‌స్టిక్స్ అన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ కథ చెప్పకండి.

ఇంకో సంగతి. ఇన్ని పిలుపులున్నా పిలవడానికి మనుషుల్లేరు. ఒకే సంతానం నియమం 1980 ప్రాంతం నుంచి 2015 చివరిదాకా నడిచింది. మా ఆవిడ ఒక్కతే సంతానం. పాపకి సొంత మేనమామ లేడు, పిన్ని లేదు. మా ఆవిడ పెద్దమ్మ కొడుకే జ్యౌజ్యౌ అయి వస్తాడు. వేసవిలో ఆ ఇంట్లో ఒక్క పిల్ల చుట్టూ ఆరుగురు పెద్దవాళ్లు తిరుగుతుంటారంటే కారణం అదే.

నేను మటుకు మా ఆవిడ పిలిచినట్టే "మా", "బా" అంటాను. పేర్లతో పిలవకండి, ఎంత చనువున్నా.

అల్లుడి మర్యాదలు ఉంటాయా?

మొదటి మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్న మామయ్యగారు సోయా సాస్ సీసా ఖాళీదొకటి నా చేతిలో పెట్టి కిందికి పంపారు.

నిజానికి అదే మేలు. ఆ ఇంట్లో వంట మామయ్యగారిది. చేప శుభ్రం చేయడం, బాణలి ఎగరెయ్యడం, చివర్లో పొయ్యిగట్టు తుడవడం, అన్నీ ఆయనే. అల్లుడు సోఫాలో కూర్చుని టీ తాగుతుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ఎవరికీ వాడితో ఏం మాట్లాడాలో తెలీదు. నేను వెల్లుల్లి ఒలవడం నా పనిగా పెట్టుకున్నాను. రోజుకి రెండు పాయలు. భాష రానివాడికి అంతకన్నా మంచి చోటు లేదు, కత్తిపీట పక్కన కూర్చున్నవాడిని ఎవరూ అతిథి అనుకోరు.

చల్లటి నీళ్లు ఎందుకివ్వరు?

ఒంటికి చెడ్డదని. 38 డిగ్రీల్లో మరగకాచిన నీళ్లే ఫ్లాస్కులోంచి పోసిస్తారు. వాదించకండి. పుచ్చకాయ ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాకే కోస్తారు. వేడి తగ్గడానికి పెసలు ఉడికించి, చక్కెర వేసి, ఆ కట్టుని గోరువెచ్చగా తాగిస్తారు. మా నానమ్మ పెసరకట్టులో ఉప్పు వేసేది. పెసలు చలవ అన్న మాటలో మాత్రం ఇద్దరిదీ ఒకే పట్టు.

పిల్లల విషయంలో గొడవలొస్తాయా?

వస్తాయి. ముఖ్యంగా మూడు. పొట్ట, తిండి, హోంవర్క్.

పొట్ట: ఎంత ఉక్కగా ఉన్నా పడుకున్న పిల్ల బొడ్డు మీద గుడ్డ ఉండాల్సిందే. తీసేశారా, పది నిమిషాల్లో మళ్లీ ఉంటుంది. ఎవరు కప్పారో కనిపించదు.

తిండి: ఏడేళ్ల పిల్లకి గిన్నె పట్టుకుని వెనకాల తిరుగుతూ తినిపిస్తారు. మా ఆవిడ వాళ్లమ్మతో పోట్లాడేది దీని గురించే. ఇద్దరూ వుహాన్ యాసలో అరుచుకుంటుంటే వినేవాళ్లకి ఆస్తి తగాదాలా ఉంటుంది. నేను వెల్లుల్లి ఒలుచుకుంటాను.

హోంవర్క్: అక్కడి పిల్లలకి జూలై, ఆగస్టు సెలవులు, కానీ సెలవుల హోంవర్క్ పుస్తకాలు లావుగా ఉంటాయి. పాప వరస అన్నయ్య పొద్దున్న రెండు గంటలు లెక్కలు చేస్తాడు. మన పిల్ల అమెరికాలో ఇంకా కూడికల్లో ఉందని తెలిసి మామయ్యగారికి టెన్షన్ పట్టుకుంది. ఎక్కాలు మొదలుపెట్టారు. చైనీస్ ఎక్కాలు పాటలా గబగబా వచ్చేస్తాయి, అంకెల పేర్లు ఒక్కో అక్షరమే కనుక. ఇప్పుడు పాప ఏడో ఎక్కం చైనీస్‌లో చెప్తుంది, తెలుగులో చెప్పమంటే నా మొహం చూస్తుంది. ఇది నా తప్పే.

చెమటకాయలకి, దోమకాట్లకి హ్వాలూష్వే అనే పచ్చటి అత్తరునీళ్లు ఉంటాయి, లియుషెన్ బ్రాండ్ ప్రతి ఇంట్లోనూ. స్నానం నీళ్లలో రెండు మూతలు పోస్తారు. న్యూజెర్సీలో ఆ సీసా మూత తీస్తే చాలు, పాప "గాగా ఇల్లు" అంటుంది.

భాష రాకపోతే?

బడిలో నేర్పే చైనీస్ వచ్చినా కష్టమే, పెద్దవాళ్లు మాట్లాడేది వుహాన్ యాస. కాకినాడ పిల్లాడు సిద్దిపేటలో దిగినట్టుంటుంది. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకోండి, నవ్వుకోవడానికైనా పనికొస్తుంది. ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి, "ఛ్ర్ లె మ?", తిన్నారా అని. మన "అన్నం తిన్నారా?" ఎలాగో అదీ అంతే, జవాబు కోసం కాదు.

లావయ్యావు, జీతమెంత, రెండోవాడెప్పుడు అని అడుగుతారు. తెలుగువాళ్లకి దీనికి శిక్షణ అక్కర్లేదు.

డబ్బు, ఫోన్?

అలీపే, వీచాట్ పే రెండూ బయల్దేరేముందే పెట్టుకుని మీ కార్డు కలిపేయండి. తోపుడుబండి దగ్గర కూడా క్యూఆరే. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడి నెట్‌లో పనిచేయవు. మీ దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే మామూలుగా పనిచేస్తాయి. ఇండియా కంటే రెండున్నర గంటలు ముందు. న్యూజెర్సీకి వేసవిలో సరిగ్గా 12 గంటల తేడా కాబట్టి గోడ గడియారం ముళ్లు మార్చక్కర్లేదు.

సాయంత్రాలు ఏం చేస్తారు?

ఆరింటికల్లా భోజనం. ఏడింటికి అత్తయ్యగారు స్పీకర్ పట్టుకుని కిందికి, ఆడవాళ్లంతా వరసల్లో డాన్సు. మామయ్యగారు, నేను, పాప నది ఒడ్డుకి. యాంగ్‌ట్సీ మీద మొట్టమొదటి వంతెన ఇక్కడే, 1957లో కట్టింది, పైన రోడ్డు, కింద రైలు. సిటీ బస్సు టికెట్టంత డబ్బుకే పడవెక్కి అవతలికి వెళ్లి, అదే పడవలో రావడం పాపకి ఇష్టం.

సాయంత్రం నదిలో ఈదే ముసలాళ్లుంటారు. నడుముకి ఎర్రటి గాలిబుడ్డ ఒకటి కట్టుకుంటారు, మునగకుండా. 1966 జూలై 16న మావో ఇక్కడే ఈదాడు, అందుకే జూలై 16న నది దాటే ఈతపోటీ పెడతారు. మీకు ఎంత ఈత వచ్చినా దిగకండి, ఆ ప్రవాహం వేరు.

కొన్నేళ్లు ఆగస్టులో ఒక రాత్రి రోడ్డు పక్కన మంటలు కనిపిస్తాయి. వాళ్ల ఏడో నెల పౌర్ణమికి పితృదేవతలకి కాగితపు డబ్బు కాలుస్తారు. మామయ్యగారు సుద్దముక్కతో నేలమీద గుండ్రంగా గీసి, అందులో కాగితాలు ఒక్కొక్కటే వేస్తూ వాళ్ల నాన్నతో మాట్లాడారు, గట్టిగానే, ఈ ఏడాది ఎవరెవరు వచ్చారో చెబుతూ. నా పేరు కూడా వినిపించింది. తర్పణాలకి నువ్వులు, నీళ్లు వదిలే చేతులతో నేనూ నాలుగు కాగితాలు వేశాను.

ఏం పట్టుకెళ్లాలి?

గడియారం వద్దు, చావుని గుర్తుచేసే మాటలా వినిపిస్తుంది. తెల్ల కవరు వద్దు. పిల్లల చేతిలో డబ్బు పెడితే ఎర్ర కవరులో, సరిసంఖ్యలో, నాలుగు రాకుండా. మన నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు పనికొస్తాయి. చివర ఆరు రావడం వాళ్లకి మహా ఇష్టం. మా నాన్న పాప వరస అన్నయ్యకి పంపిన 1116 యువాన్ల గురించి "లెక్క తెలిసిన మనుషులు" అన్నారట.

జబ్బు చేస్తే?

పెద్దాసుపత్రికే వెళ్తారు, జలుబుకైనా. ముందు నంబరు తీసుకోవాలి, తర్వాతే డాక్టరు. పాపకి జ్వరమొస్తే నేను ఒక్కణ్ణే తీసుకెళ్లి పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయాను. కిటికీ దగ్గర రెండు గంటలు పోయాయి. పాస్‌పోర్టు, మందుల చీటీలు ఎప్పుడూ సంచిలో ఉండాలి. టిష్యూ పేపరు కూడా, బయట మరుగుదొడ్లలో ఉండకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో సామాను ఎంత?

పెట్టెకి 23 కిలోలు. మామయ్యగారి దగ్గర కొక్కెం త్రాసు ఉంది. రాత్రి ఆయన తూచి 22.5 అంటారు. తెల్లారేసరికి 24 అవుతుంది. నువ్వుల ముద్ద సీసాలు, ఎండు తామర గింజలు, పాప చలికాలం కోసం అల్లిన స్వెటర్ బట్టల మధ్యలో దూరి ఉంటాయి. పోయినేడు అడుగున రెండు ప్యాకెట్ల బాతు మెడలు దొరికాయి, వుహాన్‌లో పేరుమోసిన కారపు తిండి. అమెరికాలోకి మాంసం పట్టుకెళ్లకూడదని మా ఆవిడ తీసేయించింది. శుక్రవారం కాబట్టి సరిపోయింది. విమానాశ్రయం బయట బల్ల మీద కూర్చుని మామయ్యగారూ నేనూ రెండు ప్యాకెట్లూ ఖాళీ చేశాం. అత్తయ్యగారు పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చారు.